ఖాళీని కట్టిన ఊరు

క్యోటో స్టేషన్ ముందు 206 నంబరు సిటీ బస్సు ఎక్కితే అది తూర్పు కొండల వారనే ఉత్తరానికి సాగుతుంది. గుళ్లూ గెయిషా వీధులూ చూడవచ్చినవాళ్లు జియోన్‌లో దిగిపోతారు. ఇంకాస్త ముందుకు వెళ్తే సైకిళ్ల వరసలు, పాత పుస్తకాల అంగళ్లు, చవగ్గా భోజనం పెట్టే హోటళ్లు కనిపిస్తాయి. ఆ పేట పేరు యోషిదా. 1897లో స్థాపించిన క్యోటో విశ్వవిద్యాలయం ఇక్కడే ఉంది. ప్రధాన ద్వారం దాటగానే పెద్ద కర్పూర వృక్షం, దాని వెనక గడియారపు గోపురం, తూర్పున యోషిదా గుట్ట, ఆ గుట్టను ఆనుకుని అదే పేరుతో ఒక షింటో ఆలయం.

ఈ ఆవరణకు దగ్గర్లోనే ఐసెమ్స్ అనే పరిశోధన కేంద్రం ఉంది. 2007లో మొదలైంది. బంగారు మండపం, ఎర్ర తోరణాల కొండ చూడడానికి లక్షల మంది వచ్చే ఊళ్లో ఈ భవనం ముందు ఎవరూ ఫొటో దిగరు. రసాయనశాస్త్రం మీద మక్కువ ఉన్నవాళ్లు మాత్రం క్యోటోలో మొదట చూడాల్సిన చోటు ఇదేనని నా నమ్మకం. ఇక్కడి ఆచార్యులు సుసుము కితగవాకు 2025 అక్టోబరు 8న రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి ప్రకటించారు. మెల్‌బోర్న్‌లో పనిచేసిన రిచర్డ్ రాబ్సన్, బర్క్‌లీలో ఉన్న ఒమర్ యాగీ ఆయనతో కలిసి దాన్ని పంచుకున్నారు. దానికి రెండు రోజుల ముందే, ఇదే విశ్వవిద్యాలయంలో చదువుకున్న షిమోన్ సకగుచికి వైద్యంలో నోబెల్ వచ్చింది. ఆ వారం యోషిదా పేట ఎంత పొంగిపోయి ఉంటుందో ఊహించుకోవచ్చు.

కితగవా జీవితమంతా పనిచేసింది కోఆర్డినేషన్ పాలిమర్ల మీద. వాటిలోనూ రంధ్రాలున్న వాటి మీద. మరోలా చెప్పాలంటే, పదార్థంలో పదార్థం లేని చోటు మీద.

కూరగాయల మండీ నుంచి నీలం చేప దాకా

ఈ జాతి పదార్థాలు క్యోటోకు కొత్తవేమీ కావు. నగరం నడిబొడ్డున నిషికి బజారు ఉంది. చేపలు, ఊరగాయలు, టోఫు, ఎండబెట్టిన చేపల పొరలు అమ్మే ఇరుకు వీధి. 1716లో అక్కడి కూరగాయల టోకు వర్తకుల ఇంట్లో ఇటో జకుచు అనే బాలుడు పుట్టాడు. పెద్ద కొడుకు కాబట్టి మండీ చూసుకోవాల్సినవాడు. నలభై ఏళ్లు వచ్చేసరికి వ్యాపారం తమ్ముడికి అప్పగించి బొమ్మలు గీయడంలో మునిగిపోయాడు. పదేళ్లపాటు పట్టు మీద పక్షులు, పూలు, పురుగులు, చేపలు చిత్రించి, ఆ ముప్ఫై చిత్రాలను షోకొకుజి ఆలయానికి సమర్పించాడు. ఆ గుడి విశ్వవిద్యాలయానికి పడమరగా, కామో నది అవతలి ఒడ్డున ఇప్పటికీ ఉంది. చిత్రాలు మాత్రం 1889లో రాజకుటుంబానికి చేరాయి. 2021లో జపాన్ వాటిని జాతీయ సంపదగా ప్రకటించింది.

ఆ ముప్ఫైలో ఒక చేపల చిత్రం ఉంది. అందులో ఒక చేపకు వేసిన ముదురు నీలాన్ని ఇటీవలి కాలంలో పరీక్షిస్తే అది ప్రష్యన్ బ్లూ అని తేలింది. 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో, ఎర్ర రంగు చేయబోతే అనుకోకుండా పుట్టిన నీలం అది. డచ్చి ఓడల్లో నాగసాకి రేవుకు దిగి, అక్కడి నుంచి దేశంలోకి వచ్చిన సరుకు. జపాన్‌లో ఆ రంగు వాడిన తొలి చిత్రాల్లో జకుచు చేప ఒకటి.

ప్రష్యన్ బ్లూ ఒక కోఆర్డినేషన్ పాలిమర్. ఇనుప అయాన్లను సయనైడ్ వంతెనలు మూడు దిక్కులా కలుపుకుంటూ పోతే ఏర్పడిన జాలం అది. జాలం మధ్యలో చిన్న చిన్న అరలుంటాయి. 1987లో బ్రెజిల్‌లోని గొయానియాలో ఒక పాత ఆసుపత్రి యంత్రం నుంచి రేడియోధార్మిక సీజియం బయటపడి జనం ఒంట్లో చేరినప్పుడు వైద్యులు వాళ్లకు మింగించింది ఈ నీలాన్నే. పేగుల్లోకి వచ్చిన సీజియం అయాన్లు ఆ అరల్లో చిక్కుకుని మలంతో బయటికి పోయాయి. మన పాత ఇంజినీరింగు ఆఫీసుల్లో వంతెనలకు, ఆనకట్టలకు గీసిన బ్లూప్రింట్ల నీలమూ ఇదే. నాగార్జునసాగర్ తరం ఇంజినీర్ల చేతులకు అంటిన రంగు, జకుచు చేప మీది రంగు ఒకే రసాయనం. రంగు ముందొచ్చింది, వాడకం తర్వాత వచ్చింది, లోపలి అమరిక ఏమిటన్నది 1970లలో గానీ స్పష్టంగా తెలియలేదు. రెండున్నర శతాబ్దాలు మనిషి ఆ నీలంతో గోడలు నింపాడు, కాగితాలు నింపాడు. దానిలోపలి ఖాళీ గురించి ఆలోచించినవాళ్లు తక్కువ.

చుక్కలు, గీతలు

సంక్రాంతి ముగ్గు వేసేవాళ్లకు ఈ రసాయనం ఇట్టే బోధపడుతుంది. ముందు చుక్కలు, ఆ తర్వాత చుక్కల్ని కలిపే గీతలు. ఇక్కడ చుక్కలు లోహపు అయాన్లు: రాగి, జింకు, కోబాల్టు, నికెలు, జిర్కోనియం. గీతలు కర్బన అణువులు. ఒక్కో లోహానికి ఎన్ని చేతులు, వాటిని ఏయే దిక్కులకు చాస్తుంది అన్నది దాని స్వభావాన్ని బట్టి ఉంటుంది. గీతకు రెండు కొసల్లోనూ నైట్రోజనో ఆక్సిజనో ఉంటుంది. ఆ పరమాణువు తన దగ్గరున్న ఎలక్ట్రాన్ల జంటను లోహం వైపు చాస్తుంది. ఆ బంధం మరీ గట్టిదీ కాదు, మరీ బలహీనమైనదీ కాదు. తప్పుగా పడితే విడిపోయి మళ్లీ సరిగా కట్టుకునేంత వెసులుబాటు దానికుంది. అందుకే రెండు ద్రావణాలు కలిపి, కాస్త వేడిచేసి వదిలేస్తే, ఎవరూ చుక్కలు పెట్టకుండానే కోట్లకొద్దీ చుక్కలు వాటంతట అవే వరసలో కూర్చుంటాయి. నేల మీద ముగ్గు పరుచుకుని ఊరుకుంటుంది. ఇది పైకి కూడా లేస్తుంది.

అలా లేచిన నిర్మాణంలో గీతలకూ గీతలకూ మధ్య మిగిలే చోటే ఇక్కడ అసలు సరుకు. గీత పొడుగు పెంచితే అర పెద్దదవుతుంది. గీత మీద వేరే రసాయన గుంపు అతికిస్తే అర గోడ స్వభావం మారుతుంది. ఇప్పటికి ఇలాంటివి లక్షకు పైగా తయారయ్యాయి. వీటిలో అత్యుత్తమమైనవి గ్రాముకు 7,000 చదరపు మీటర్ల లోపలి ఉపరితలాన్ని చూపించాయి. మన లెక్కలో ఎకరం డెబ్భైమూడు సెంట్లు. చిటికెడు పొడిలో అంత నేల.

రంధ్రాలున్న ఖనిజాలు అంతకుముందు లేకపోలేదు. జియోలైట్లు ఎప్పటినుంచో ఉన్నాయి. విశాఖ చమురుశుద్ధి కర్మాగారంలో ముడిచమురును విరగ్గొట్టే ఉత్ప్రేరకంలో ఉండేది జియోలైటే. 2021లో కోవిడ్ రెండో విడత నాడు ఇంటింటికీ చేరిన ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్లలో గాలి నుంచి నైట్రోజన్‌ను పట్టి ఆపింది కూడా అదే. గట్టిది, చవకైనది, వేడికి తట్టుకుంటుంది. అందుకే కితగవా తన రంధ్రాల గురించి చెప్పినప్పుడు నిధులిచ్చేవాళ్లు అడిగిన మొదటి ప్రశ్న, జియోలైట్లు ఉండగా ఇవెందుకు అని. అది తోసిపారేయదగ్గ ప్రశ్న కాదు. దానికి జవాబు రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఒక పరికరాల దుకాణం

నిర్మాణాన్ని కంటితో చూడలేనప్పుడు ఎక్స్‌రేలతో చూడాలి. ఆ విషయంలో కూడా క్యోటో ముందున్న ఊరే. బౌద్ధ పూజాసామగ్రి చేసే గెంజో షిమద్జు 1875లో ఇక్కడ బడులకు భౌతికశాస్త్ర పరికరాలు చేసిపెట్టే దుకాణం తెరిచాడు. 1895 చివర్లో జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్‌రేలను కనిపెట్టిన ఏడాది లోపే, 1896లో, ఆ దుకాణం వాళ్లూ యోషిదాలోని ఉన్నత పాఠశాల ఆచార్యుడూ కలిసి క్యోటోలో ఎక్స్‌రే చిత్రం తీశారు. ఆ దుకాణమే ఇప్పటి షిమద్జు కంపెనీ. అందులో ఉద్యోగం చేసుకునే ఇంజినీరు కోయిచి తనకాకు 2002లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. రాజధాని హోదా టోక్యోకు పోయాక ఈ పాత ఊరు తన చేతిపనుల వారసత్వాన్ని ప్రయోగశాలల్లోకి మళ్లించుకుంది. గుళ్ల ఊరని మాత్రమే చెప్పుకుంటే క్యోటోకు సగం న్యాయమే జరుగుతుంది.

పనికిరానిదాని పని

కితగవా 1951లో ఈ ఊళ్లోనే పుట్టారు. ఇదే విశ్వవిద్యాలయంలో చదివి 1979లో డాక్టరేట్ పొందారు. 1981లో రసాయనశాస్త్రంలో నోబెల్ అందుకున్న కెనిచి ఫుకుయి పెంచిన శాఖ అది. అయితే ఉద్యోగం మాత్రం ఇక్కడ దొరకలేదు. ఒసాకా పక్కన ఉన్న కిన్‌దాయ్ విశ్వవిద్యాలయంలో చేరారు. ప్రైవేటు సంస్థ, నిధులు తక్కువ, పెద్ద పరికరాలు లేవు.

అక్కడ రాగి అయాన్లతో ఆయన చేయబోయింది రంధ్రాలున్న పదార్థం కానే కాదు. విద్యుత్ లక్షణాలు ఆసక్తికరంగా ఉండే, ఇరుకుగా సర్దుకున్న స్ఫటికాలు కావాలనుకున్నారు. నిర్మాణం లెక్కగట్టడానికి విద్యార్థులతో కలిసి క్యోటోకు వచ్చి విశ్వవిద్యాలయపు పెద్ద కంప్యూటర్ వాడుకునేవారు. లెక్క తేలాక తెర మీద కనిపించింది అనుకున్న ఇరుకు అమరిక కాదు, వరసగా ఖాళీలు. వాటిలో ద్రావణి అణువులు నక్కి కూర్చున్నాయి. అనుకున్నది రాలేదని ఆ స్ఫటికాన్ని పక్కన పడేసే రసాయనవేత్తలే ఎక్కువ. ఆయన ఆ ఖాళీ దగ్గరే ఆగారు. 1992లో ప్రచురించిన నిర్మాణంలో అరల్లో అసిటోన్ అణువులు ఒదిగి ఉన్నాయి. దానివల్ల ఎవరికీ ఏ లాభమూ లేదు.

ఆయన అప్పట్లో పట్టుకు వేలాడిన ఆలోచన ఒకటుంది. విద్యార్థిగా ఉన్నప్పుడు హిదెకి యుకవా రాసిన పుస్తకం చదివారు. యుకవా 1949లో జపాన్‌కు తొలి నోబెల్ తెచ్చిన భౌతికశాస్త్రవేత్త, ఈ విశ్వవిద్యాలయం మనిషే. ఆయన పేరుతో ఉన్న సైద్ధాంతిక భౌతికశాస్త్ర సంస్థ ఉత్తరపు ఆవరణలో ఉంది. చైనా ప్రాచీన తత్త్వవేత్త జువాంగ్‌జీ అంటే యుకవాకు చాలా ఇష్టం. పనికిరానిదనుకున్న దానికీ ఒక పని ఉంటుందని, అది అవసరమైనప్పుడు బయటపడుతుందని ఆ తత్త్వవేత్త చెప్పిన మాట కుర్రవాడైన కితగవా మనసులో నాటుకుంది. తర్వాత దాన్నే తన పరిశోధనకు దారి చేసుకున్నారు.

ఈ విషయం దగ్గర నేను కాస్త నిలబడతాను. మన దగ్గర పరిశోధనకు డబ్బు అడిగే దరఖాస్తులో ‘సమాజానికి దీనివల్ల ప్రయోజనం’ అనే గడి నింపకుండా ముందుకు కదలదు. మూడేళ్లలో ఏం సాధిస్తావో ముందే రాయాలి. 1992 నాటి కితగవా ఆ గడిలో నిజాయితీగా రాయగలిగింది ఏమీ లేదు. జపాన్‌లో కూడా ఆయన దరఖాస్తులు తిరిగొచ్చినవే ఎక్కువ. తేడా ఎక్కడుందంటే, దరఖాస్తు తిరిగొచ్చినా ఉద్యోగం, విద్యార్థులు, పనిచేసుకునే బల్ల ఆయనకు మిగిలాయి. ఎవరూ ఆ బల్ల మీద నుంచి ఆయన్ని లేపలేదు. ఐదేళ్లు గడిచాక ఫలితం వచ్చింది.

1997లో టోక్యో మెట్రోపాలిటన్ విశ్వవిద్యాలయంలో ఉన్నప్పుడు ఆయన బృందం కోబాల్టు, నికెలు, జింకు అయాన్లను బైపిరిడీన్ అనే సన్నటి కడ్డీలాంటి అణువుతో కలిపి మూడు దిక్కులా సాగే జాలం చేసింది. అడ్డంగా, నిలువుగా సొరంగాలు. వాటిలో నీళ్లుంటాయి. ఆ నీళ్లు తీసేస్తే ఇలాంటి నిర్మాణాలు కూలిపోతాయన్నది అప్పటి నమ్మకం, చాలావరకు అనుభవం కూడా. ఇది కూలలేదు. ఎండబెట్టిన స్ఫటికంలోకి మీథేన్, నైట్రోజన్, ఆక్సిజన్ పంపితే తీసుకుంది, వదిలింది, ఆకారం చెడలేదు. ఆ మరుసటి ఏడాది ఆయన ఆచార్యుడిగా క్యోటోకు తిరిగొచ్చారు.

నోబెల్ పంచుకున్న మిగతా ఇద్దరి కథలు వేరే ఊళ్లవి. 1974లో మెల్‌బోర్న్‌లో రాబ్సన్ మొదటి ఏడాది విద్యార్థుల కోసం చెక్కబంతులకు రంధ్రాలు తొలిపిస్తూ, రంధ్రం ఏ కోణంలో ఉంటే అణువు ఆ ఆకారమే తీసుకుంటుంది కదా అని ఆలోచనలో పడ్డారు. 1989లో రాగితో వజ్రంలాంటి అమరిక కట్టి చూపారు. అమ్మాన్‌లో శరణార్థుల కుటుంబంలో పుట్టిన యాగీ 1999లో చేసిన ఎంఓఎఫ్-5 (ఎంఓఎఫ్ అంటే ఇలాంటి లోహ-కర్బన చట్రం) ఈ రంగానికే గుర్తుగా నిలిచిపోయింది. హైదరాబాద్‌కు కూడా ఈ చరిత్రలో చిన్నది కాని చోటుంది. అణువులు స్ఫటికంలో ఎలా కూర్చోవాలో ముందే ఊహించి కట్టవచ్చన్న స్ఫటిక ఇంజినీరింగు మీద గౌతమ్ దేశిరాజు 1989లో వెలువరించిన గ్రంథం, ఆయన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న కాలంలో రాసినదే. గచ్చిబౌలి రాళ్ల గుట్టల మధ్య నుంచి అప్పట్లో ప్రపంచమంతటి స్ఫటిక రసాయనవేత్తలకు ఉత్తరాలు నడిచేవి.

కదిలే స్ఫటికాలు

జియోలైట్లు ఉండగా ఇవెందుకన్న ప్రశ్నకు కితగవా ఇచ్చిన జవాబు 1998లో కాగితం మీదికి వచ్చింది. జియోలైట్ రాయి, కదలదు. కోఆర్డినేషన్ పాలిమర్ కదలగలదు. లోపలికి అతిథి అణువు రాగానే అర విప్పారవచ్చు, వెళ్లిపోగానే ముడుచుకోవచ్చు, నచ్చిన అతిథికి మాత్రమే తలుపు తీయవచ్చు. స్ఫటికం అంటే గట్టిగా, అచ్చంగా, నిశ్చలంగా ఉండేదని బడిలో నేర్చుకుంటాం. స్ఫటిక క్రమం చెడకుండానే ఒళ్లు విరుచుకునే పదార్థం ఉండగలదని అప్పట్లో చాలామంది నమ్మలేదు. నోబెల్ ముగ్గురిలో క్యోటో సొంతమైన భాగం ఏదంటే నేను ఈ మెత్తదనమే అంటాను. రంధ్రం చేయడం ఇతరులూ చేశారు. రంధ్రానికి కదలిక నేర్పింది ఇక్కడ.

2005లో వచ్చిన అసిటిలీన్ పని దీనికి మంచి ఉదాహరణ. విజయవాడ ఆటోనగర్‌లో ఏ గ్యాస్ వెల్డింగ్ షెడ్డుకు వెళ్లినా అసిటిలీన్ సిలిండర్ ఉంటుంది. దాన్ని మిగతా వాయువుల్లా ఊరికే కుక్కి నింపలేరు. గది ఉష్ణోగ్రత వద్ద రెండు వాతావరణ పీడనాల దగ్గరికి వస్తే చాలు, ఆక్సిజన్ లేకపోయినా పేలే ప్రమాదం ఉంది. అందుకే ఆ సిలిండర్ లోపల సచ్ఛిద్ర పదార్థం నింపి, దాన్ని అసిటోన్‌తో తడిపి, వాయువును అందులో కరిగిస్తారు. కార్బైడ్ ముక్కలతో దొంగతనంగా మామిడికాయలు మగ్గబెట్టేవాళ్లు పుట్టించేదీ ఈ వాయువునే. కితగవా బృందం రాగితో చేసిన ఒక కోఆర్డినేషన్ పాలిమర్ సన్నటి సొరంగాల్లో అసిటిలీన్‌ను పట్టి, సురక్షితంగా కుదించగల హద్దుకు 200 రెట్ల సాంద్రతతో నిలిపింది. అణువులు ఒకదానికొకటి తగలకుండా, సొరంగం గోడల్లోని ఆక్సిజన్ పరమాణువులకు రెండు వైపులా ఆనుకుని వరసగా కూర్చున్నాయి. అదే పరిమాణంలో ఉండే కార్బన్ డయాక్సైడ్‌ను ఆ సొరంగం అంతగా పట్టించుకోలేదు. ఆ వరసను కళ్లారా చూడడానికి హ్యోగో కొండల్లోని స్ప్రింగ్-8 సింక్రోట్రాన్ నుంచి వచ్చే అతి ప్రకాశవంతమైన ఎక్స్‌రేలు కావాల్సి వచ్చాయి.

2014లో ఇంకో కష్టమైన జంటను విడదీశారు: కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్. రెండిటి పరిమాణం దాదాపు ఒకటే, మరుగు స్థానాల మధ్య తేడా నాలుగైదు డిగ్రీలే. మెత్తటి స్ఫటికంలోకి మొదట వెళ్లిన కార్బన్ మోనాక్సైడ్ అణువులు లోపలి అమరికను మార్చి, వెనక వచ్చే తమవాళ్లకు దారి విశాలం చేశాయి. నైట్రోజన్ బయటే మిగిలింది. ఉక్కు కొలుముల నుంచి వచ్చే వ్యర్థ వాయువుల్లో ఈ రెండూ కలిసే ఉంటాయి.

మణుగూరుకు ఆవల

2022లో వచ్చిన పని చదువుతుంటే నాకు గోదావరి ఒడ్డు గుర్తొచ్చింది. మామూలు నీటిలో హైడ్రోజన్ పరమాణువులు దాదాపు 6,400 ఉంటే వాటిలో ఒకటి డ్యుటీరియం, అంటే రెట్టింపు బరువున్న హైడ్రోజన్. డ్యుటీరియంతో ఏర్పడిన బరువు నీటిని వేరుచేయడం చాలా కష్టం. మామూలు నీరు 100 డిగ్రీల దగ్గర మరిగితే బరువు నీరు 101.4 దగ్గర మరుగుతుంది. అంత చిన్న తేడా మీద ఆధారపడి వేరుచేయాలంటే అలవిగాని శక్తి ఖర్చవుతుంది. మన అణువిద్యుత్ రియాక్టర్లకు బరువు నీరు కావాలి. అందుకోసం భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు దగ్గర, 1991 నుంచి నడుస్తున్న భారజల కర్మాగారంలో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువును నీటితో వేడి గోపురాల్లోనూ చల్ల గోపురాల్లోనూ పదేపదే కలిపి డ్యుటీరియంను కొంచెం కొంచెంగా పోగుచేస్తారు. ఊళ్లకు దూరంగా, ఎంతో జాగ్రత్తతో చేయాల్సిన పని.

చైనా దక్షిణాన గ్వాంగ్‌జౌలో పనిచేసే చెంగ్ గు, క్యోటోలోని కితగవా కలిసి రాగితో రెండు కోఆర్డినేషన్ పాలిమర్లు చేశారు. వాటి సొరంగాల ముఖద్వారాల దగ్గర కర్బన అణువులు రెక్కల్లా అటూ ఇటూ ఊగుతుంటాయి. ఆ ఊగుడు నీటి అణువుల రాకపోకలను నియంత్రిస్తుంది. మామూలు నీటి ఆవిరి త్వరగా లోపలికి జొరబడుతుంది, బరువు నీటి ఆవిరి వెనకబడుతుంది. గది ఉష్ణోగ్రతలోనే మామూలు నీటిని వేరుచేయడంలో 210 దాకా వేర్పాటు గుణకం వచ్చింది. ప్రయోగశాలలో గ్రాముల మీద చేసిన పని ఇది. కర్మాగారంలో టన్నుల మీద నడిచే పనితో దీన్ని ఇప్పుడే పోల్చడం తొందరపాటు. అయినా విషవాయువుల గోపురాలు లేకుండా, మరిగించే ఖర్చు లేకుండా, ఒక ద్వారం ఊగే తీరుతో ఆ రెండు నీళ్లను విడదీయవచ్చని తెలియడమే ఎంత పెద్ద విషయం!

బయటి ప్రపంచంలో

ఇరవయ్యేళ్లుగా ఈ పదార్థాల గురించి వార్తలు రాసినవాళ్లు కొంచెం ఎక్కువే ఆశ పెట్టారు. హైడ్రోజన్ కార్లు, ఎడారి గాలి నుంచి తాగునీరు, పొగగొట్టాల నుంచి కార్బన్. వీటిలో కొన్ని నిజంగా నడుస్తున్నాయి. యాగీ బృందం 2017లో జిర్కోనియం పాలిమర్‌తో పొడిగాలి నుంచి ఎండ వేడితోనే నీళ్లు తీయడం చూపించి, ఆ తర్వాత పరికరాన్ని అరిజోనా ఎడారిలో పెట్టి పరీక్షించింది. చిప్‌లు చేసే కర్మాగారాలకు ఆర్సీన్, ఫాస్ఫీన్ లాంటి ప్రాణాంతక వాయువులను గాలి పీడనం కంటే తక్కువ పీడనంలో నిలవచేసి పంపే సిలిండర్లు అమ్మకానికి ఉన్నాయి. సిలిండర్ పగిలినా వాయువు బయటికి చిమ్మదు. నా ఉద్దేశంలో ఇంతవరకు వచ్చిన ఉపయోగాల్లో చడీచప్పుడు లేకుండా ఎక్కువ మేలు చేస్తున్నది ఇదే. జింకు, ట్రయజోల్, ఆక్సలేట్‌తో కెనడాలో పుట్టిన కాల్ఫ్-20 అనే పదార్థాన్ని ఒక సిమెంటు ఫ్యాక్టరీ పొగ మీద పరీక్షించారు, టన్నుల లెక్కన తయారుచేస్తున్నారు. సున్నపురాయిని కాల్చినప్పుడు రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి, బొగ్గు మానేసినా సిమెంటుకు ఈ బెడద తప్పదు. నల్గొండ, పల్నాడు, కడప జిల్లాల సిమెంటు ఫ్యాక్టరీల వాళ్లు గమనిస్తుండాల్సిన విషయం.

అడ్డంకులు కూడా గట్టివే. ఎంఓఎఫ్-5 తేమ తగిలితే చెడిపోతుంది. క్యోటో ఆషాఢమాసపు ఉక్కలో అలాంటివి సీసా మూత తీసినంతలో పాడవుతాయి. జిర్కోనియం, అల్యూమినియం లాంటి లోహాలు వాడడం మొదలయ్యాక ఈ బాధ చాలావరకు తీరింది. కానీ కర్బన గీతల ధర, ద్రావణుల ధర, పొడిని గుళికలుగా అచ్చువేస్తే రంధ్రాలు మూసుకుపోవడం, ఎక్కిన వేడి దిగకపోవడం లాంటి సమస్యలు రసాయనవేత్త బల్ల మీద తేలేవి కావు. కర్మాగారం ఇంజినీర్లు తేల్చాలి. క్యోటో విశ్వవిద్యాలయం నుంచి 2015లో పుట్టిన అటోమిస్ అనే చిన్న కంపెనీ ఈ వైపే పనిచేస్తోంది. నిలువు సిలిండర్లకు బదులు ఒకదాని మీద ఒకటి పేర్చుకునే చదరపు వాయు పెట్టెలను అది తయారుచేస్తోంది.

కితగవా మాత్రం ఇంకా పెద్ద కోరిక చెబుతుంటారు. చమురు, బొగ్గు, గనులు లేని దేశానికి కూడా గాలి ఉంటుంది. గాలిలో నైట్రోజన్, ఆక్సిజన్, నీరు, కార్బన్ ఉన్నాయి. వాటిని ఏరి, ఎండతోనో గాలిమరతోనో వచ్చే విద్యుత్తుతో పనికొచ్చే పదార్థాలుగా మార్చాలని ఆయన కోరిక. ఆయన దగ్గర పనిచేసి వెళ్లిన భారతీయులు కూడా ఈ దారిలోనే ఉన్నారు. బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్‌లో తపస్ కుమార్ మాజి, పుణె ఐసర్‌లో సుజిత్ ఘోష్ అలాంటివాళ్లే.

గాజు

ఇప్పుడు యోషిదాలో కుతూహలం కలిగిస్తున్న పని మరొకటుంది. కితగవా శిష్యుడు సతోషి హోరికె కోఆర్డినేషన్ పాలిమర్లను కరిగిస్తున్నారు. ఇన్నాళ్లూ వీటిని వేడిచేస్తే కరగకుండానే కాలి విరిగిపోతాయని అనుకునేవారు. కొన్ని మాత్రం కరుగుతాయి. కరిగినదాన్ని చటుక్కున చల్లారిస్తే గాజవుతుంది. కేంబ్రిడ్జ్‌లో టామస్ బెన్నెట్ బృందం కూడా ఇదే దారిలో నడిచింది. గాజును కావాల్సిన ఆకారంలో పోయవచ్చు, సన్నటి పొరగా సాగదీయవచ్చు, పొడిని గుళికలు చేసే బాధ ఉండదు. కొన్ని గాజులు ప్రోటాన్లను బాగా నడిపిస్తాయి కాబట్టి ఇంధన ఘటాలకు పనికొస్తాయన్న ఆశ ఉంది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చిపడింది. ఈ రంగమంతా స్ఫటికం మీద నిలిచింది. స్ఫటికం ఉంటే ఎక్స్‌రే పటంలో చుక్కలు వస్తాయి, ఆ చుక్కల నుంచి ప్రతి పరమాణువు చోటూ తెలుస్తుంది. గాజులో ఆ వరస ఉండదు, చుక్కలు రావు. లోహం చుట్టూ ఎన్ని గీతలు మిగిలాయి, అరలు ఉన్నాయా మూసుకుపోయాయా అన్నది సింక్రోట్రాన్ ఎక్స్‌రేలు చెదిరిన తీరు నుంచి, అయస్కాంత అనునాదం నుంచి, కంప్యూటర్ లెక్కల నుంచి ముక్కలు ముక్కలుగా పోగుచేసుకోవాలి. ఈ గాజుల్లో కొన్ని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటున్నాయి కాబట్టి లోపల ఎక్కడో ఖాళీ మిగిలే ఉంది. అది ఏ ఆకారంలో ఉంది, దాన్ని ముందే అనుకున్నట్టుగా కట్టగలమా అన్నదే ఇప్పుడు యోషిదాలో నడుస్తున్న పని.